స్టెల్లేరియంలో చూపిన చోట ఆస్టరాయిడ్ ఎందుకు కనపడదు?

మీ కష్టం నాకూ ఎదురైంది. ఆకాశ పటం చూపే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్‌లో ఆస్టరాయిడ్ (గ్రహశకలం) ఎలిమెంట్స్, అంటే దాని కక్ష్యను చెప్పే అంకెలు, ఎక్కించారు, తెర మీద గుర్తు చక్కగా కదులుతోంది, టెలిస్కోప్‌లో చూస్తే అక్కడేమీ లేదు. అంతే కదా?

2015 జనవరి 26 రాత్రి. చెన్నై వేళచ్చేరిలో మా డాబా. 2004 బీఎల్86 అనే ఆస్టరాయిడ్ 12 లక్షల కిలోమీటర్ల దూరంలో పోతోంది. ఆరంగుళాల టెలిస్కోప్‌తో గంట పైనే వెతికాను. మా ఆవిడ రెండుసార్లు కాఫీ తెచ్చింది, మూడోసారి నవ్వేసి కిందికి పోయింది.

టెలిస్కోప్ తప్పేం లేదు. నా దగ్గరున్న ఎలిమెంట్స్ మూడేళ్ల నాటివి. ఎపాక్ అనే తేదీకి కక్ష్య ఎలా ఉందో అవి చెబుతాయి. అక్కడి నుంచి స్టెల్లేరియం సూర్యుడి ఆకర్షణ ఒక్కటే చూసుకుని లెక్కకడుతుంది. భూమి, గురుడు లాగే లాగుడు అందులో ఉండదు. పోయినేటి పంచాంగంతో ఈ ఏడు ముహూర్తం పెట్టినట్టే.

మరి దూరంగా తిరిగే వెస్టా అనే పెద్ద ఆస్టరాయిడ్‌కి పాతవే సరిపోతున్నాయే అంటారేమో. కక్ష్యలో 50 వేల కిలోమీటర్ల తేడా వచ్చిందనుకోండి. 20 కోట్ల కిలోమీటర్ల దూరంలో అది ఒక కోణ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) కూడా కాదు. 12 లక్షల దూరంలో అదే తేడా రెండు డిగ్రీలు దాటుతుంది, అంటే నాలుగు చందమామలు పక్కపక్కన పెట్టినంత.

కాబట్టి చూసే రోజుకి దగ్గరి ఎపాక్ ఉన్నవే ఆస్టరాయిడ్ల కక్ష్యల లెక్కలు ఉంచే మైనర్ ప్లానెట్ సెంటర్ నుంచి దింపుకోండి. వాళ్ల ఫైల్లో తేదీ కుదించి ఉంటుంది: కె14సి9 అంటే 2014 డిసెంబర్ 9. స్టెల్లేరియంలోని సోలార్ సిస్టమ్ ఎడిటర్ ప్లగిన్‌లో ఎక్కించాక, ఏ వేళకి ఎక్కడ ఉంటుందో లెక్కకట్టి ఇచ్చే నాసా వాళ్ల జేపీఎల్ హొరైజన్స్ పట్టికతో పోల్చండి. అక్కడ నేను ఇంకో పొరపాటు చేశాను. స్థలం మార్చకపోతే ఆ పట్టిక భూకేంద్రం నుంచి చూసినట్టు వస్తుంది. ఆ దూరానికి చెన్నై నుంచి చూస్తే 18 కోణ నిమిషాల దాకా తేడా రావచ్చు.

వెంటపడి వెతకడం కూడా మానేయండి. అది గంటకు రెండున్నర డిగ్రీలు పరిగెత్తింది! దారిలో కాస్త ముందున్న ఒక నక్షత్రం దగ్గర టెలిస్కోప్ ఆపి కూర్చోండి. కొత్త ఎలిమెంట్స్ ఎక్కించాక నేనదే చేశాను. పావుగంటకి నక్షత్రాల మధ్య నుంచి ఒక చుక్క నింపాదిగా జరుగుతూ వచ్చింది. కిందికి పరిగెత్తి మా ఆవిణ్ణి లేపుకొచ్చాను.

మీ ఫైల్లో ఎపాక్ ఏముందో రాయండి, చూద్దాం.