‘చనిపోవాలనిపిస్తోందా?’ అని బిడ్డను అడగొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. ఇంటర్ సెకండియర్, హాస్టల్లో ఉంటాడు. సెలవులకు వచ్చి మూడు వారాలైంది. సరిగా తినడు, తెల్లారగట్ల మూడింటికే లేచి కూర్చుంటాడు. ఎవరినీ ముట్టుకోనివ్వని క్రికెట్ బ్యాట్‌ను తమ్ముడికి ఇచ్చేశాడు. మొన్న ‘నేను లేకపోతే మీకు ఫీజుల బాధ తప్పుతుంది’ అన్నాడు. చావు గురించి అడిగితే లేని ఆలోచన మేమే పుట్టించినట్టవుతుందని భయం. ఏం చేయాలి? - ఒక తల్లి

సలహా: అమ్మా, అడగండి. ఈ రోజే. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉన్నవాళ్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది. కాకపోతే ‘పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా’ అని అడిగితే ‘లేవు’ అన్న జవాబే వస్తుంది. చుట్టూ ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని ‘బతకాలని లేదా? చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అవునంటే ‘నీకేం తక్కువ చేశాం’ అని వాదించకండి. తల మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకోవద్దు. ఒట్టుతో ఆ ఆలోచన ఆగదు, మళ్లీ వస్తే మీకు చెప్పుకోలేడు, అంతే.

ఎలా, ఎప్పుడు అన్నది కూడా అనుకుని ఉంటే వెంటనే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. అప్పటిదాకా ఒక్కడినీ వదలొద్దు. అలాంటిదేమీ లేదన్నా, ఒకట్రెండు రోజుల్లో సైకియాట్రిస్టుకు చూపించాల్సిందే. మీరు రాసిన లక్షణాలు రెండు వారాలు దాటాయి కాబట్టి డిప్రెషన్ అని అనుమానించాలి. ఇంట్లో పురుగుమందు, పెద్దవాళ్ల బీపీ, షుగర్ మాత్రలు ఉంటే తాళం వేసి తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. చనిపోవాలన్న తీవ్రమైన ఉద్వేగం చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపూ ప్రమాదకరమైనవేవీ చేతికి అందకపోతే ప్రాణం నిలిచే అవకాశం పెరుగుతుంది.

ఇంతకుముందు ఎప్పుడైనా నిద్ర లేకుండా రోజుల తరబడి అతి హుషారుగా ఉన్నాడా, ఇంట్లో ఎవరికైనా బైపోలార్ (కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు ఉండే జబ్బు) ఉందా అన్నది డాక్టరు అడగకపోయినా చెప్పండి. అప్పుడు మందు మారుతుంది. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ మొదటి వారాల్లో అశాంతి, చిరాకు పెరిగినా, చావు మాటలు ఎక్కువైనా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఏమిటంటే, కాస్త కోలుకోగానే ‘అలవాటైపోతాయి’ అని మాత్రలు ఆపేయడం. ఇవి మత్తుమందుల్లా వ్యసనం కావు. పూర్తిగా కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించాలి.

మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీరూ చేయొచ్చు, మీ అబ్బాయీ చేయొచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే 108కి చేయండి. సెలవులు అయిపోయాయని మాత్రం డాక్టరు సరేననే దాకా హాస్టల్‌కు పంపకండి.