ఆన్ చేయగానే ఆంప్లిఫయర్ ఫ్యూజ్ పోతోంది, ఎక్కడ వెతకాలి?

వానాకాలమంతా గుడి గదిలో మూలనపడ్డ ఆంప్లిఫయర్‌ని కార్తీకమాసానికి తీసి ఆన్ చేస్తే వెంటనే ఫ్యూజ్ పోతోందని అడిగారు. ఫ్యూజ్ బదులు రాగి తీగ మాత్రం చుట్టకండి, ట్రాన్స్‌ఫార్మర్ కూడా మాడిపోతుంది.

స్పీకర్లు ఊడదీసి, ఫేజు వైరుకి సిరీస్‌లో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి ఆన్ చేయండి. ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే పరవాలేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టే.

ప్లగ్గు పీకండి. పెద్ద కెపాసిటర్లను 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేయండి. మీటరు డయోడ్ మోడ్‌లో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల (స్పీకర్‌ని నడిపేవి) కలెక్టర్, ఎమిటర్ కాళ్ళ మధ్య రెండువైపులా చూడండి. సున్నాకి దగ్గరగా వస్తే షార్ట్. పక్కపక్కన కలిపినవన్నీ ఒకేలా చూపిస్తాయి, విడదీసి చూస్తేనే దొంగ దొరుకుతుంది. ఒకటి పోయినా ఆ వైపు ట్రాన్సిస్టర్లన్నీ మార్చడం నయం. ఎమిటర్ రెసిస్టర్లు, డ్రైవర్లు (అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను నడిపే చిన్న ట్రాన్సిస్టర్లు) కూడా చూడండి. ఇవన్నీ బాగుంటే బ్రిడ్జి రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) చూడండి.

కోనసీమ చెమ్మకి, ఉప్పుగాలికి హీట్‌సింక్ (వేడిని లాగే అల్యూమినియం దిమ్మె) దగ్గర, ట్రాన్సిస్టర్‌కి కరెంటు అంటకుండా అడ్డుపెట్టే మైకా రేకు కింద మురికి, బోర్డు మీద పచ్చ చిలుము పడుతుంది. ఒక్కోసారి ఎండిన బల్లి! ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా ఆరనివ్వండి. మైకా చిరిగితే కొత్తది, రెండువైపులా పేస్టు రాసి వేయండి.

మళ్ళీ బల్బుతోనే ఆన్ చేసి స్పీకర్ టెర్మినల్స్ మధ్య డీసీ కొలవండి. 50 మిల్లీవోల్ట్‌ల లోపుంటే స్పీకర్ తగిలించవచ్చు. వోల్టుల్లో ఉంటే స్పీకర్ లోపలి వాయిస్ కాయిల్ (తీగచుట్ట) కాలుతుంది.