ఇంట్లో పిల్లి ఉంది, దాని మనసు తెలిసేదెలా?

"షేరింగులో గది దొరికింది. ఇంట్లో రూమ్మేట్ పెంచుకునే పిల్లి ఉంది. వచ్చినప్పట్నుంచీ కాళ్లకు రాసుకుంటుంది, నిమిరితే కాసేపు హాయిగా ఉండి టక్కున కొరుకుతుంది. దానికి నేనంటే ఇష్టమా, పడదా?" కొత్తగా దేశం దాటి వచ్చినవాళ్లు అద్దె, బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సుల సంగతి తేలాక అడిగే సందేహాల్లో ఇదొకటి.

ఇష్టమే. కొరికింది కూడా మీరంటే పడక కాదు, ఆపాల్సిన చోట చెయ్యి ఆపలేదని. పిల్లితో వచ్చే పేచీల్లో సగం ఇలాంటివే. దగ్గరికి రావాలా వద్దా, ఎంతసేపు ఉండాలి, ఎప్పుడు లేచిపోవాలి అన్నది దానికే వదిలేస్తే పిల్లి త్వరగా మచ్చికవుతుంది. ఎత్తుకుని గుండెకు హత్తుకుని ముద్దు చేద్దామని చూస్తే మీ అడుగుల చప్పుడు వినగానే మంచం కింద దూరుతుంది. కుక్కలతో పెరిగినవాళ్లకు ఇది మరీ కష్టం. కుక్క మిమ్మల్ని చూడగానే ఒళ్లంతా ఊపేస్తుంది. పిల్లి గదిలోకి వచ్చి, నాలుగడుగుల దూరంలో వీపు మీ వైపు పెట్టి కూర్చుంటుంది. అలిగిందనుకోకండి. వెనక నుంచి ఏ ప్రమాదమూ రాదని నమ్మకం కుదిరిన చోటే పిల్లి వీపు తిప్పుతుంది.

దూరం నుంచి ముందు తోక చూడండి. తోక నిలువునా ఎత్తి, కొస కాస్త వంకరగా ఉంచి మీ వైపు నడిచొస్తే అది పలకరింపు. పిల్లికూనలు తల్లి దగ్గరికి ఇలాగే తోకెత్తి వెళ్తాయి. పెద్దయ్యాక నచ్చిన పిల్లుల దగ్గరా, మనుషుల దగ్గరా అదే అలవాటు. ఎత్తిన తోక సన్నగా వణుకుతుంటే మరీ సంబరంగా ఉందన్నమాట. అయితే వెనక భాగం గోడ వైపో సోఫా వైపో తిప్పి తోక వణికిస్తుంటే మాత్రం మూత్రం చిమ్మబోతోందని అర్థం, తేడా గమనించండి. వెంట్రుకలు నిక్కబొడుచుకుని తోక రెండింతలు లావైతే భయం. తోక అటూ ఇటూ విసురుతుంటే చిరాకు. కుక్క తోక ఊపినట్టే కదా అని కొత్తవాళ్లు సరిగ్గా అప్పుడే చెయ్యి చాపి గీరించుకుంటారు.

ఇక కాళ్లకు రాసుకోవడం. పిల్లి చెంపల్లో, గడ్డం కింద, కళ్లకూ చెవులకూ మధ్య, తోక మొదట్లో, పాదాల మెత్తల మధ్య వాసన గ్రంథులుంటాయి. ఒళ్లు రుద్దినప్పుడు ఆ వాసన మీకు అంటుతుంది. కలిసి బతికే పిల్లులు ఒకదానికొకటి ఇలా రాసుకుని అందరి ఒంటి మీదా ఒకే వాసన ఉండేలా చూసుకుంటాయి. మీరు బయటి నుంచి రాగానే వెంటపడి రుద్దేది అందుకే: పొద్దున పూసింది పోయింది, బయటి వాసనలు అంటుకున్నాయి. అలాంటప్పుడు తోసేయకండి, అలాగని వంగి ఎత్తుకోనూ వద్దు. రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి, దాని పని అది చేసుకుని పోతుంది. తలతో మోకాలినో గడ్డాన్నో చిన్నగా ఢీకొట్టడం ఇంకా చనువు. తెరిచిన సూట్‌కేసులో మీ బట్టల మీద పడుకోవడం, లాప్‌టాప్ మూలకు చెంప రుద్దడం కూడా ఈ లెక్కలోనివే, లాప్‌టాప్ వెచ్చదనం అదనం. దీన్నే మీకు అనుకూలంగా వాడుకోవచ్చు. కొత్తింట్లో దిగిన మొదటి వారం, మీరు ఒకరోజు తొడిగి విప్పిన టీషర్టు అది పడుకునే చోటికి దగ్గర్లో వెయ్యండి. మీ వాసన ముందు అలవాటైతే మీరు తర్వాత అలవాటవుతారు.

పరిచయం చేసుకునేందుకు ఒక పద్ధతుంది. దాని మీదికి వంగకుండా పక్కకు తిరిగి నేల మీద కూర్చోండి. కళ్లలోకి గుచ్చి చూడకండి, పిల్లుల్లో అది కయ్యానికి కాలు దువ్వడమే. చూపుడువేలు కాస్త వంచి, దాని ముక్కు ఎత్తులో, అడుగు దూరంలో ఉంచి ఆగండి. చెయ్యి ముందుకు జరపొద్దు, మిగతా దూరం అదే నడవాలి. ముక్కుకు మరీ దగ్గరగా ఉన్నవి పిల్లికి కంటికి స్పష్టంగా ఆనవు, వాసన చూసే తేల్చుకుంటుంది. వేలు వాసన చూసి చెంప రుద్దితే మీకు అనుమతి వచ్చినట్టు. వాసన చూసి తల పక్కకు తిప్పుకుంటే ఆ పూటకు అంతే, చెయ్యి వెనక్కి తీసుకోండి.

ఇంకొకటి కళ్లు. సగం మూసిన కళ్లతో మిమ్మల్ని చూస్తూ రెప్పలు మెల్లగా మూసి తెరిస్తే నిశ్చింతగా ఉందని అర్థం. మీరూ అలాగే బదులివ్వొచ్చు: కళ్లు చికిలించి, నెమ్మదిగా మూసి, ఒక క్షణం ఉంచి, నెమ్మదిగా తెరవాలి. ఇంగ్లండ్‌లోని ససెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2020లో దీన్ని పరీక్షించారు. మనిషి ఇలా మెల్లగా రెప్ప వేసినప్పుడు పిల్లులు తిరిగి కళ్లు చికిలించడం ఎక్కువైంది, కొత్త మనిషి చాపిన చేతి దగ్గరికి రావడమూ ఎక్కువైంది. పైసా ఖర్చు లేని పని, గది అవతల నుంచే చెయ్యొచ్చు.

ఇప్పుడు కొరకడం సంగతి. ముందు ఎక్కడ నిమరాలో చూద్దాం. చెంపలు, గడ్డం కింద, కంటికీ చెవికీ మధ్య ఉన్న పలచటి వెంట్రుకల చోటు, ఇవి దాదాపు అన్ని పిల్లులకూ నచ్చుతాయి. వీపు చాలావాటికి ఫరవాలేదు. తోక మొదలు దగ్గర జాగ్రత్త: ఒంటి మీద వేర్వేరు చోట్ల నిమిరి చూసిన 2015 నాటి అధ్యయనంలో పిల్లులు ఎక్కువగా విసుక్కున్నది అక్కడే. పొట్ట అసలే వద్దు. మీ ముందు వెల్లకిలా దొర్లి పొట్ట చూపిందంటే తన ఒంట్లో మెత్తటి చోటును మీ ముందు ధైర్యంగా ఉంచింది, అంతవరకే. ముట్టుకోమని పిలుపు కాదది. చెయ్యి పెడితే నాలుగు కాళ్లతో పట్టేస్తుంది.

మూడు నుంచి ఐదు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. తలతో మీ చేతిని పొడిస్తే, మీ వైపు జరిగితే మళ్లీ నిమరండి. ఊరికే కూర్చుంటే మీరూ ఊరుకోండి. నిమిరేటప్పుడు చూపు ఫోన్ మీద కాకుండా పిల్లి మీద ఉండాలి, ఎందుకంటే అది చెప్పకుండా కొరకదు. మొదట గుర్‌గుర్ ఆగుతుంది. వీపు చర్మం అలలా ఒక్కసారి వణుకుతుంది. ఒక చెవి పక్కకు తిరుగుతుంది. తోక కొస నేల మీద టపటపా కొడుతుంది. కంటిపాప పెద్దదై, తల చటుక్కున మీ చేతి వైపు తిరుగుతుంది. ఇవన్నీ దాటాకే పళ్లు. మొదటి రెంటిలోనే చెయ్యి తీసేస్తే కొరకాల్సిన అవసరమే రాదు.

అయినా పట్టుకుందా, చెయ్యి లాక్కోవద్దు. కదిలేదాన్ని గట్టిగా పట్టుకోవడం వేటాడే జంతువు నైజం, లాగితే పన్ను ఇంకా దిగుతుంది. చెయ్యి వదులుగా, కదలకుండా ఉంచండి, వదిలేస్తుంది. లేచి వెళ్లిపోండి. కొట్టడం, అరవడం వల్ల అది నేర్చుకునేది ఒకటే, మీరు ప్రమాదకరమైన మనిషని. నిమురుతుండగా పళ్లు ఆనించీ ఆనించకుండా చిన్నగా కొరకడం మాత్రం ఆటకో, చాలని చెప్పడానికో. చర్మం తెగితే అది వేరే సంగతి. పిల్లి పళ్లు సన్నగా పొడుగ్గా ఉంటాయి కాబట్టి పైన చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల లోతుగా క్రిములు చేరతాయి. ధారగా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ముఖ్యంగా చేతికీ కీళ్లకూ తగిలితే అదే రోజు డాక్టరుకు చూపించండి. పిల్లికి వేయించిన టీకాల వివరాలు రూమ్మేట్ దగ్గర తీసుకుని వెళ్తే మీకు టీటీ, రేబిస్ ఇంజెక్షన్లు అవసరమో కాదో డాక్టర్లు తేలుస్తారు.

గుర్‌గుర్ విని మురిసిపోయేవాళ్లు ఇది కూడా తెలుసుకోవాలి. హాయిగా ఉన్నప్పుడు గుర్‌గుర్‌మంటుందన్న మాట నిజమే. నొప్పితో ఉన్నప్పుడు, వెట్ (పశువుల డాక్టరు) దగ్గర బల్ల మీద భయపడినప్పుడు, ఈనేటప్పుడు కూడా అదే చప్పుడు చేస్తుంది. మిగతా ఒళ్లు చూడండి: కళ్లు సగం మూసి, కాళ్లు మడిచి, ఒళ్లు వదులుగా ఉంటే హాయి. మూల నక్కి ముడుచుకుని, తిండి మానేసి గుర్‌గుర్‌మంటుంటే జబ్బు. మూడో రకం ఉంది, ఆకలి గుర్‌గుర్. మామూలు మంద్రస్వరంలో సన్నటి ఏడుపు లాంటి స్వరం కలిసి వినిపిస్తుంది. ససెక్స్ పరిశోధకులు 2009లో దాన్ని మనుషులకు వినిపించి చూస్తే, పిల్లుల్ని ఎన్నడూ పెంచనివాళ్లు కూడా అది తొందరపెట్టే చప్పుడని పోల్చుకున్నారు. తెల్లవారుజామున మీ దిండు పక్కన వినబడేది సాధారణంగా ఇదే. లేచి గిన్నె నింపారో, రేపు ఇంకో అరగంట ముందు వస్తుంది. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు ఈకల బొమ్మతో పరుగెత్తించి, ఆ తర్వాత తిండి పెట్టండి. పొద్దున అది లేపినప్పుడు కాకుండా మీరు లేచాక పెట్టండి. మొదటి కొన్ని రోజులు గోల పెరుగుతుంది, మధ్యలో లొంగిపోతే మొదటికొస్తుంది.

మ్యావ్ కూడా అంతే. పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్‌మని పెద్దగా మాట్లాడుకోవు, అది చాలావరకు మనుషుల కోసం దాచుకున్న భాష.

ఒళ్లో ఎక్కి ముందు కాళ్లతో పిండి పిసికినట్టు ఒత్తడం చూసి కంగారు పడకండి. పాలు తాగేటప్పుడు తల్లి పొట్టను అలాగే ఒత్తేది. నిశ్చింతగా ఉన్నప్పుడు ఆ అలవాటు తిరిగొస్తుంది. గోళ్లు గుచ్చుకుంటే తిట్టడం అన్యాయం. ఒళ్లో మందపాటి దుప్పటి వేసుకోండి. గోళ్ల కొసలు రెండు మూడు వారాలకోసారి కత్తిరించమని రూమ్మేట్‌ని అడగండి. కత్తిరించాల్సింది తెల్లటి కొస వరకే, గులాబీ రంగు భాగంలో రక్తనాళం, నరం ఉంటాయి. "గోళ్లు మొత్తం తీయించేస్తే పోదా" అని మాత్రం నోరు జారకండి. అంటే వేలి చివరి ఎముకను కోసేయడం, చాలా దేశాల్లో నిషేధం, మీ రూమ్మేట్‌తో స్నేహం అక్కడితో సరి.

చెయ్యి నాకడం చనువులో పెద్ద మెట్టు. ఇక్కడ కొత్తవాళ్లకు తట్టని ప్రమాదం ఒకటుంది. మోకాలికో భుజానికో రాసుకునే నొప్పి జెల్, కర్పూరం కలిసిన బామ్, జుట్టు మొలవడానికి రాసే మినాక్సిడిల్, ఇవి పిల్లి నాకితే విషం. మినాక్సిడిల్ రాసుకున్న తల ఆన్చిన దిండు నాకినా ప్రాణం మీదికి రావొచ్చు. రాసుకుంటే పూర్తిగా ఆరేదాకా పిల్లిని గదిలోకి రానివ్వకండి, రాసిన చోటును బట్టతో కప్పండి, దిండు గలీబు మార్చండి. జాలిపడి పారాసెటమాల్ ముక్క పెట్టడం అన్నది కలలో కూడా వద్దు, ఒక్క మాత్ర చాలు చంపడానికి.

"తిండి కోసమే కదా ఇదంతా" అనేవాళ్లకు జవాబుంది. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో 2019లో పిల్లికూనల్ని, వాటిని పెంచే మనిషితో రెండు నిమిషాలు, ఒంటరిగా రెండు నిమిషాలు, మళ్లీ ఆ మనిషితో రెండు నిమిషాలు కొత్త గదిలో ఉంచారు. దాదాపు 64 శాతం మనిషి తిరిగి రాగానే పలకరించి, కుదుటపడి, గది చూడ్డానికి వెళ్లిపోయాయి. పసిపిల్లల్లో తల్లి మీద భరోసా ఉన్నవాళ్లు చేసే పనే అది. కాబట్టి మీ పిల్లి ఒకసారి వచ్చి రుద్ది తన దారిన పోతే చిన్నబుచ్చుకోకండి. అసలు దగ్గరికే రాని పిల్లులూ ఉంటాయి. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతుల్లో మెలగని కూనలు జీవితాంతం బెదురుతూనే ఉండొచ్చు. అలాంటిదాన్ని మంచం కింద నుంచి లాగకండి, వారాలు పట్టనివ్వండి.

ఇష్టంలా కనిపించి ఇష్టం కానివి కొన్ని. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడపిల్లి హఠాత్తుగా అందరికీ రాసుకుంటూ, నేల మీద దొర్లుతూ, వెనక భాగం ఎత్తి రాత్రింబవళ్లు అరుస్తుంటే ఎదకొచ్చింది. వారం దాకా ఉండొచ్చు, రెండు మూడు వారాలకు మళ్లీ వస్తుంది. ఎప్పుడూ అంటీముట్టనట్టుండే ముసలి పిల్లి ఒక్కసారిగా వదలకుండా వెంట తిరిగితే, రాత్రిళ్లు అరిస్తే థైరాయిడ్, కిడ్నీ, బీపీ పరీక్షలు చేయించాలి. అన్నిటికన్నా తొందరపడాల్సింది మగపిల్లి విషయంలో: మాటిమాటికీ లిట్టర్ ట్రేలోకి (పిల్లి మలమూత్రాలకు పెట్టే ట్రే) వెళ్లి ముక్కుతూ, చుక్క రాక, వచ్చి మీ దగ్గర అరుస్తుంటే మూత్రం దారి మూసుకుపోయి ఉండొచ్చు. అది గంటల్లో ముదిరే అత్యవసరం, తెల్లవారేదాకా ఆగకూడదు. రూమ్మేట్ ఊరెళ్తూ పిల్లిని మీకు అప్పగిస్తే, తిండి కొలతలతోపాటు రాత్రి తెరిచి ఉండే వెట్ ఆసుపత్రి నంబరు, ఖర్చుకు తనదే పూచీ అన్న మెసేజీ ముందే తీసుకోండి.