కొత్తగా సైట్ చూసుకుంటున్న మేనల్లుడికి

అల్లుడూ,

నీకు సైట్ అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. నలభై మంది పనివాళ్లు, నలుగురు మేస్త్రీలు, నీకేమో ఇదే మొదటిసారి. టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని కూడా చెప్పింది. ముప్పై ఏళ్లు ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసినవి రాస్తున్నాను. డ్రాయింగ్ చదవడం, లెవెల్ చూడటం నీకు వచ్చు. వాటి జోలికి పోను. మనుషుల చేత పని చేయించడం గురించే రాస్తాను.

ముందు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. పనిలో చేరిన రెండో ఏడు, ఒక స్లాబ్ పోస్తున్నాం. మేస్త్రీ సైగ చేయగానే మిక్సర్ దగ్గరి కుర్రాడు కాంక్రీట్‌లో ఇంకో బకెట్ నీళ్లు గుమ్మరించాడు. నీళ్లు ఎక్కువైతే కాంక్రీట్ బలం పడిపోతుందని చదువుకుని వచ్చినవాణ్ణి, ఒళ్లు మండిపోయింది. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన్ని, అందరూ చూస్తుండగా నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన మారు మాట్లాడలేదు. ఆ రోజు నుంచి నీళ్లు కొలిచే పోశారు. నా మాట నెగ్గిందనుకున్నాను.

నెల తిరిగాక పక్క బ్లాక్‌లో స్లాబ్. పోత సగంలో ఉండగా, స్లాబ్ బరువు మోయడానికి కింద నిలబెట్టే ఇనుప ఆసరా, అదే జాకీ, ఒకటి కుంగింది. దాని కింద పెట్టిన చెక్క పలక కొత్తగా పూడ్చిన మట్టి మీద ఉంది. ముందు రాత్రి వానకు మట్టి నాని, పలక ఒక మూల అంగుళం దిగిపోయింది. సెంట్రింగ్ వాళ్లు చూసి కేకలు వేశారు. పోత ఆపించి, పైనున్నవాళ్లందరినీ దించి, పక్కన ఇంకో రెండు జాకీలు బిగించాం. ఎవరికీ ఏమీ కాలేదు. సాయంత్రం తట్టలు కడుగుతున్న ఒకావిడ నా దగ్గరకొచ్చి, "పలక ఒరిగి ఉండటం పొద్దున్నే చూశాను సార్. చెబితే అరుస్తారేమోనని ఊరుకున్నాను" అంది.

నాయనా, ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. అంత పెద్ద సైట్‌లో ప్రతి మూలా నువ్వొక్కడివే చూడలేవు. చూసినవాళ్లు వచ్చి నీకు చెప్పాలి. నేను ఒక్క పూట నోరు పారేసుకుని నెల రోజులపాటు అందరి నోళ్లూ మూయించాను.

ఆ నీళ్లు ఎందుకు పోయించాడో ఆ రోజు నేను అడగనే లేదు. తర్వాతెప్పుడో ఆ మేస్త్రీయే చెప్పాడు. బీమ్‌లో ఇనుము దగ్గర దగ్గరగా ఉంది, గట్టి కాంక్రీట్ లోపలికి దిగడం లేదు. కాంక్రీట్‌ని అదిరించి లోపలికి దించే వైబ్రేటర్ ఉన్నది ఒక్కటే, అదీ మొరాయించింది. పారలతో నెట్టేవాళ్ల చేతులు పడిపోతున్నాయి. ఆయనకు తోచిన దారి నీళ్లు పోయడమే. ముందు రోజే రెండో వైబ్రేటర్ తెప్పించి ఉంచడం, ఇద్దరు మనుషుల్ని అదనంగా పెట్టడం, నీళ్లు పెంచకుండా కాంక్రీట్ జారేలా ప్లాస్టిసైజర్ సిద్ధం చేయించడం నా పని. అవేవీ చేయకుండా తిట్టడానికి మాత్రం ముందున్నాను.

అప్పటి నుంచి ఏ తప్పు కనిపించినా, వీళ్లు ఇలా ఎందుకు చేస్తున్నారని చూడటం అలవాటు చేసుకున్నాను. ఇనుము కింద ఎడం కోసం పెట్టే కవర్ బ్లాకులు పక్కకు పోయి ఇనుము షట్టరింగ్ పలకలకి అంటుకుని ఉందనుకో, చాలాసార్లు ఆ ఇనుము మీద నడవడానికి మనం పలకలు వేయించలేదని అర్థం. నడుముకి సేఫ్టీ బెల్టు ఉండి కొక్కెం ఉత్తగా వేలాడుతుంటే, దాన్ని తగిలించడానికి పైన గట్టి తాడో పైపో ఉందా లేదా చూడు. పరంజా మీద ఇటుకలు గుట్టగా పేర్చారంటే కింది నుంచి అందించే మనిషి చాలడం లేదేమో కనుక్కో. అన్నీ ఉండి కూడా మాట విననివాడు ఎవడో ఒకడు ఉంటాడు. వాణ్ణి ఆ పని నుంచి తప్పించు, మొహమాటపడకు.

పొద్దున పని మొదలయ్యే ముందు మేస్త్రీలందరితో పది నిమిషాలు నిలబడి మాట్లాడు. ఎవరు ఎక్కడ, సాయంత్రానికి ఎంత పని కావాలి, ఏ సామాను తక్కువగా ఉంది, ఎవరి కింద ఎవరు పనిచేయకూడదు. ఈ చివరిదే అందరూ మరిచిపోతారు. పైన సెంట్రింగ్ విప్పుతుంటారు, సరిగ్గా దాని కిందే ఎలక్ట్రీషియన్ గోడ కొడుతుంటాడు. ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు, ఇద్దర్నీ కలిపి చూసేవాడివి నువ్వొక్కడివే. చెప్పడం అయ్యాక "అర్థమైందా?" అని అడగకు, అందరూ తల ఊపుతారు. "ముందు ఎక్కణ్ణుంచి మొదలుపెడుతున్నారు?" అని అడుగు. నీ మాట ఎంతవరకు చేరిందో ఆ జవాబులో తెలిసిపోతుంది. భాష రానివాళ్లుంటే గోడ మీద సుద్దతో గీసి చూపించు.

పని ఎప్పుడూ మేస్త్రీకే చెప్పు. ఆయన్ని దాటి కూలీలకు నువ్వొకటి చెప్పి, ఆయనొకటి చెబితే రెండూ కావు. వయసులో పెద్దవాళ్లని "మీరు" అను. తప్పు చెప్పాల్సి వస్తే పక్కకు పిలిచి చెప్పు.

ప్రాణం మీదికొచ్చే చోట మాత్రం ఎవరి మర్యాదా చూడకు, గట్టిగా కేక వెయ్యి. నాకు అన్నిటికంటే భయం గోతులంటేనే. నిలువుగా తవ్విన గోతి ఛాతీ లోతుకు వచ్చిందంటే పక్కలకు ఆసరా కట్టకుండా మనిషిని దించకు. నేల మెత్తగా ఉంటే, వాన పడి ఉంటే అంత లోతు కూడా ఆగకు. ఒక ఘనమీటరు మట్టి ఒకటిన్నర టన్నులకు పైనే ఉంటుంది. తల బయటే ఉన్నా ఛాతీ నొక్కుకుపోతే ఊపిరాడదు. అంచున చీలిక కనబడినా, తవ్విన మట్టి అంచు మీదే పోసినా, ముందు అందరినీ పైకి రమ్మను. ఎందుకో ఆ తర్వాత చెప్పొచ్చు.

ఇక పైవాళ్ల ఒత్తిడి. వచ్చే స్లాబ్‌కి ప్లేట్లు కావాలి, షట్టరింగ్ త్వరగా విప్పించమంటారు. మామూలు సిమెంట్‌తో పోసిన కాంక్రీట్‌కి 28 రోజులకు వచ్చే బలంలో 7 రోజులకు దాదాపు మూడింట రెండు వంతులే వస్తుంది. చలి రోజుల్లో ఇంకా తక్కువ. గోడల పక్క పలకలు ఒకటి రెండు రోజుల్లో తీసినా, బీమ్‌ల కింద జాకీలు మాత్రం ఇంజనీర్ రాసిచ్చేదాకా ముట్టుకోనివ్వకు. "పైనుంచి చెప్పారు, నన్నేం చేయమంటావు" అని ఆ ఒత్తిడిని మేస్త్రీ మీదికి తోసెయ్యకు. పైవాళ్లకు కాదని చెప్పాల్సింది నువ్వే. మొదటిసారి గొంతు వణుకుతుంది, నాకూ వణికింది.

డబ్బు విషయంలో నీ చేతిలో లేని మాట ఎవరికీ ఇవ్వకు. శనివారం ఇప్పిస్తానని ఇప్పించలేకపోతే సోమవారం సగం మంది రారు. చేసిన పనిని మట్టి కప్పకముందే, ప్లాస్టరింగ్ పడకముందే కొలువు. టేప్ ఒక కొస మేస్త్రీ చేతిలో పెట్టు, అంకె ఇద్దరూ చూసి, నీ డైరీలో ఆయన ముందే రాయి. ఎంతమంది వచ్చారు, ఎంత పని అయింది, ఎందుకు ఆగింది, వాన ఎన్నింటికి పడింది, అన్నీ ఆ రోజే రాయి. బిల్లు దగ్గర మాటా మాటా వచ్చినప్పుడు ఆ డైరీ తీస్తే గొడవ అక్కడే ఆగుతుంది.

ఎల్లుండి నీకు స్లాబ్ ఉందట. రేపు సాయంత్రం అందరూ వెళ్లాక టార్చి పట్టుకుని కిందికి వెళ్లు. ప్రతి జాకీని చేత్తో కదిపి చూడు, పలక కింద వేలు దూరుతోందేమో వంగి చూడు. పోత జరిగినంతసేపూ జాకీలను పక్క నుంచి గమనించడానికే ఒక మనిషిని పెట్టు. అతను ఆపమంటే పోత ఆపాలని మేస్త్రీలందరి ముందూ నువ్వే చెప్పు.

మీ మామయ్య