కాలిన ఇంటి బూడిదతో బొమ్మలు చేయించే ముందు

బిడ్డా,

అమ్రాబాద్ దిక్కు మంటల్లో కాలిన చెంచు పెంటలో, అంటే చెంచుల గూడెంల, బొగ్గుతో, బూడిదతో, వంకరపోయిన గిన్నెలతో బొమ్మలు చేయిస్తానని రాసినవ్. చెయ్యి. కానీ సంచి పట్టుకొని ఇప్పుడే ఉరకకు. గుడిసె పోయినోళ్లు ఇంకా బూడిదలో పట్టీలు, పుస్తెలు దేవులాడుతుంటరు. వాళ్లు ఆపిందాకా అది వాళ్ల ఇల్లే. 2018లో కాలిఫోర్నియాల పారడైజ్ అనే ఊరు కాలినంక జెస్సీ మెర్సర్ అనే కళాకారిణి 18 వేలకు పైగా తాళంచెవులతో పెద్ద పక్షి బొమ్మ చేసింది. ఆ తాళంచెవులు ఆమె ఏరుకొచ్చినవి కావు, కాలిన ఇండ్లోళ్లే ఇచ్చినవి. నువ్వు సుత పెంట నడుమ ఒక గంప పెట్టి ఊరుకో. ఏది వేస్తరో, ఏది దాచుకుంటరో వాళ్ల ఇష్టం. వేసినదానికి ఎవరిదో చీటీ కట్టు, రేపు మనసు మారితే తిరిగి ఇయ్యాలె.

అడవిల కాలిన మాను జోలికి పోకు. అది పులుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా కట్టెపుల్ల తెచ్చినా తప్పే. పైగా మసిబారిన చెట్లన్నీ చచ్చినట్టు కాదు, వానలు పడ్డంక చానా చిగురిస్తయి.

బూడిదల ఏది కాలిందో అడుగు. కట్టె, వెదురు, గడ్డి అయితే సరే. ప్లాస్టిక్, బ్యాటరీలు, రంగు వేసిన తలుపులు కాలిన చోటు వదిలెయ్. సిమెంటు రేకులు పగిలిన చోట చీపురే పట్టకు, అందుల రాతినార (ఆస్బెస్టాస్) ఉండొచ్చు, ఊపిరితిత్తుల్లకు పోతే మళ్లా రాదు. మంచి బూడిదనైనా నీళ్లు చిలకరించి ఎత్తాలె. ఎన్95 మాస్కు, రబ్బరు తొడుగులు అందరికీ ఉండాలె. పిల్లలను బూడిద దగ్గర కూర్చోబెట్టకు, వాళ్లకు సిరా ఇయ్యి.

బొగ్గుతో సిరా చేసుడు తేలికే, బంక దగ్గరే అందరూ తప్పుతరు. చెంచులు ఏరే తపసి బంక చేతికందుతది గని పనికిరాదు. నీళ్లల్ల కరగది, ఉబ్బి ముద్దయితది. తుమ్మ బంక తెచ్చుకో. ఒక వంతు బంకకు రెండు వంతుల వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి గుడ్డల వడకట్టు. బొగ్గు విరిస్తే లోపల సుత నల్లగుండాలె, గోధుమరంగు ఉంటే అది సగం కాలిన కట్టె, నలగది. రోట్లె దంచి పలుచటి బట్టల జల్లించి, పొడి, బంకనీళ్లు సమానంగా కలిపి బండమీద నూరు. లవంగనూనె రెండు చుక్కలు వేస్తే బూజు పట్టది. ఆరినంక వేలికి అంటితే బంక తక్కువైనట్టు, మెరిసి పగిలితే ఎక్కువైనట్టు.

బూడిదను మట్టిల కలిపి బిళ్లలు చేయొచ్చు. ముందు బకెట్ నీళ్లల్ల నానబెట్టి, తేరిన నీళ్లు నాలుగుసార్లు వంచెయ్. ఆ నీళ్లు సబ్బులెక్క జారుతయి, చేతులు కాలుతయి, పైలం. తర్వాత సన్న జల్లెడ పట్టు. ఈ పని ఎగ్గొడితే సున్నపు పలుకులు లోపల ఉండిపోయి, కాల్చిన కొన్ని రోజులకు తేమ తాగి ఉబ్బి బిళ్ల పెచ్చులూడతది. పది పిడికెళ్ల మట్టికి ఒక పిడికెడు బూడిద చాలు, ఎక్కువైతే అంచులు చిట్లుతయి. వేలు మందం చేసి వారం నీడన ఆరనియ్యి. తడి ఉంటే ఆవంల, అంటే కుండలు కాల్చే బట్టీల, పగులుతది. బూడిద గాజులెక్క కరిగి మెరుస్తదని ఎవరికీ మాట ఇయ్యకు. దానికి 1200 డిగ్రీలు దాటాలె, మన కుమ్మరి ఆవం 900 దాటుడు కష్టం.

కరిగిన అల్యూమినియం గిన్నెలను మళ్లీ కరిగించకు. ఎట్ల ముద్దయిందో అట్లనే, ఇంటోళ్లు ఇచ్చిన కాలిన కట్టెమీద బిగించు, ఏ ఇంటి గిన్నెనో చూడంగనే గుర్తుపడతరు.

ఆ కట్టెకు ఇనుప బ్రష్‌తో వదులు మసి రాల్చి అవిసెనూనె పట్టించు. తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలకు పడెయ్యకు. ఆరేటప్పుడు వేడెక్కి వాటంతటవే అంటుకుంటయి. నీళ్ల బకెట్ల ముంచిపెట్టు, ఇల్లు కాలినోళ్ల ముంగట ఇంకో మంట లేవొద్దు.