ఉబ్బిన లైపోను మళ్లీ రిమోట్ కారులో పెట్టకండి

మీ రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) ప్యాక్ 8.9 వోల్టులు చూపిస్తోందని, కాస్త ఉబ్బిందని రాశారు. నిండిన సెల్లుకు 4.2 వోల్టులు హద్దు, అంటే మొత్తం 8.4 దాటకూడదు. చార్జర్ నికెల్ బ్యాటరీల మోడ్‌లో ఉండిపోయిందేమో చూడండి. ఆ మోడ్ చివర్లో వోల్టేజి కొద్దిగా పడేదాకా కాచుకుంటుంది. లైపోలో అది పడదు, చార్జర్ ఆగదు.

ప్యాక్ చల్లగానే ఉంటే ఆరుబయట ఇసుక పోసిన మట్టికుండలో పెట్టండి, మూత బిగించకండి. వేడెక్కుతున్నా, తియ్యటి వాసన వస్తున్నా ముట్టుకోకుండా దూరంగా ఉండండి. ఆ పొగ విషం. కొన్ని గంటలు గమనించాక, అక్కడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు తగిలించి పూర్తిగా ఖాళీ చేసి, ఈ-వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి. గుచ్చి గాలి తీయడం మాత్రం వద్దు. ‘ఇంకా పనికొస్తుందిలే’ అని నేను దాచిన ప్యాక్ గుర్తు మా బల్ల మీద నల్లగా ఇప్పటికీ ఉంది.