నడుముకు బెల్టు కట్టుకుంటే పోతుందా?

ప్రశ్న: మేడమ్, నాకు 41 ఏళ్లు. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఏజెన్సీ కింద ఆయాగా చేస్తున్నాను. పేషెంట్లను పక్కకు తిప్పడం, స్ట్రెచర్ మీదికి మార్చడం, డైపర్లు మార్చడం, వార్డు తుడవడం అన్నీ మావే. రెండు నెలలుగా నడుం పట్టేస్తోంది. కుడి పిరుదు నుంచి పిక్క దాకా ఒకటే లాగుడు. సూపర్‌వైజరేమో 'బెల్టు కట్టుకో, ఒళ్లు తగ్గించు, అదే పోతుంది' అంటాడు. బెల్టు కొనమంటారా? సెలవు పెడితే జీతం కట్.
– పేరు వద్దన్న పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: బెల్టు డబ్బులు దాచుకోండమ్మా. బరువులెత్తేవాళ్లకు బెల్టు కడితే నడుంనొప్పి రాకుండా ఉంటుందనడానికి ఆధారాలు లేవు. పైగా కట్టుకున్న ధీమాతో ఇంకాస్త ఎక్కువే ఎత్తుతారు. మీ ఒంటి సంగతి తర్వాత, ముందు మీరు ఎత్తుతున్న ఒళ్ల సంగతి చూద్దాం.

పెట్టె ఎత్తాలంటే అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు 23 కిలోలు హద్దని అమెరికాలో పనిచేసేవాళ్ల భద్రత మీద పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్క. అదే మనిషిని ఎత్తాలంటే 16 కిలోలు దాటకూడదని ఆ సంస్థ పరిశోధకుడు థామస్ వాటర్స్ 2007లో రాశారు. పెట్టె కదలదు, మెడ పట్టుకుని వేలాడదు కదా! అరవై కిలోల మనిషికి ఒక్క కాలే పది కిలోల దాకా తూగుతుంది. మరి మీరు రోజంతా ఎత్తుతున్నదెంత?

నేను వార్డుల్లో ఎక్కువగా చూసేది చంకల కింద చేతులు పెట్టి పేషెంటును పైకి లాగడం. అది మీ నడుమునూ తినేస్తుంది, పక్షవాతం వచ్చిన మనిషైతే ఆయన భుజాన్నీ పాడు చేస్తుంది. మానేయండి. మంచం కిందికి జారిన పేషెంటును ఇలా జరపండి: మంచం చక్రాలకు బ్రేకు వేయండి. తలవైపు పూర్తిగా దించి, మంచాన్ని మీ తుంటి ఎత్తుకు లేపండి. మంచం లేపే మర తిప్పడానికి అర నిమిషం పడుతుందని ఎవరూ తిప్పరు, నడుములు పోయేది అక్కడే. అటొకరు, ఇటొకరు నిలబడి పేషెంటు కింది డ్రాషీటును (నడుం కింద అడ్డంగా పరిచే దుప్పటిని) ఆయన ఒంటికి ఆనేదాకా చుట్టి, అరచేతులు పైకుండేలా పట్టుకోండి. స్పృహలో ఉంటే ఆయన్ని గడ్డం ఛాతీకి ఆనించి, మోకాళ్లు మడిచి, పాదాలతో పరుపును నెట్టమనండి. మీరు ఒక కాలు ముందుకేసి, 'ఒకటి, రెండు, మూడు' అనుకుని, ఒంటి బరువును వెనక కాలి నుంచి ముందు కాలి మీదికి మార్చండి. ఎత్తడం లేదు, జరుపుతున్నారంతే. డ్రాషీటు కింద వాడని పెద్ద ప్లాస్టిక్ కవరు పరిస్తే ఇంకా సులువుగా జారుతుంది, పని కాగానే తీసేయండి.

ఒంటరిగా చేయమంటే 'అక్కా, ఒక చెయ్యి వెయ్యి' అని నర్సునైనా పిలవండి. ఇద్దరు చేయాల్సిన పనికి ఒక్కరినే పెట్టడం ఆస్పత్రి తప్పు, మీ చేతకానితనం కాదు.

వార్డు తుడిచే మాప్ కర్ర మీ గడ్డం దాకా రావాలి. పొట్టిదైతే మార్పించుకోండి.

ఇక మీ నొప్పి. పిక్క దాకా లాగుతోందంటే నడుములో నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుతుంది, కానీ రెండు నెలలైంది కాబట్టి ఎముకల డాక్టరుకు చూపించుకోండి. మంచం మీదే పడుకోవద్దు, ఓర్చుకోగలిగినంత నడవండి. పాదం పైకి లేవకపోయినా, మర్మాంగాల చుట్టూ తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా డ్యూటీ అని చూడకండి, అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి.

జీతం కట్ అన్నారు. నెల జీతం 21,000 లోపైతే మీకు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉండాలి. జీతం చీటీలో 0.75 శాతం కోత ఉందేమో చూడండి. కనీసం 78 రోజుల చందా కట్టి ఉంటే, ఈఎస్ఐ డాక్టరు రాసిచ్చిన సెలవుకు జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా వస్తుంది. పేషెంటును ఎత్తుతుండగా నడుం కలుక్కుమంటే అది డ్యూటీలో జరిగిన ప్రమాదం, దానికి 90 శాతం. అయితే 'పెయిన్ కిల్లర్ వేసుకుంటే పోతుందిలే' అని ఇంటికి వచ్చేస్తే రుజువుండదు. ఆ షిఫ్టులోనే యాక్సిడెంట్ రిజిస్టరులో తేదీ, టైము, ఏ బెడ్డు దగ్గరో రాయించి, ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసుకోండి.